గంట దూరంలో ట్రౌట్ లేక్

పిస్కాటవే, న్యూజెర్సీ
18 ఫిబ్రవరి 2024

బావగారికి,

మీ ఉత్తరం అందింది. ఫోన్ మానేసి కాగితం పట్టుకున్నందుకు సంతోషం. ఫోన్‌లో మీరు మాట్లాడితే నా చెవి మిషన్ ఈల వేస్తుంది. మీ ఆవిడ మాట్లాడితే ఏడుపు తప్ప ఏమీ వినిపించదు. నా చెల్లెలే కదా అని ఊరుకుంటున్నాను.

నేను గరాజ్‌లో పడ్డానని మా రవి మీకు చెప్పిన కథలో సగం కల్పితం. నేను పడలేదు. మెట్టు దిగుతూ కూర్చున్నాను. లేవడానికి కాస్త టైమ్ పట్టింది. ఆ కాస్త టైమ్ రెండు గంటలు కావడం వల్ల వాడు దాన్ని పడటం అంటున్నాడు. మోకాలు అంతకు ముందే పాడైంది కనుక ఆ నేరం మెట్టు మీద వెయ్యడం అన్యాయం.

ఇప్పుడు ప్రతి ఆదివారం ప్లేనో నుంచి వాడిది ఒకటే పాట. "వచ్చే వింటర్ నువ్వొక్కడివీ ఆ ఇంట్లో ఉండటానికి వీల్లేదు నాన్నా. ప్లేనో వచ్చెయ్. లేదా బాతెల్‌లో అత్తయ్య దగ్గరికి మూవ్ అవ్వు. రెండూ వద్దంటే సీనియర్ హోమ్ చూస్తాను." సెప్టెంబర్ దాకా గడువు ఇచ్చాడు. ఆపరేషన్ టేబుల్ మీద వేలమందికి మత్తిచ్చి పడుకోబెట్టి మళ్ళీ లేపినవాణ్ణి నేను. నన్ను ఎక్కడ పడుకోబెట్టాలో వీడు తేలుస్తాడట.

రేణు పోయి ఏడాదిన్నర అయింది. ఆవిడ కళ్ళజోడు ఇంకా మైక్రోవేవ్ మీదే ఉంది. నేను తియ్యలేదు, తియ్యను కూడా.

మీరు రమ్మన్నారు. బాతెల్‌లో ఏముంది బావగారూ? వాన, సాఫ్ట్‌వేర్. అయినా పిలిచిన మర్యాద కోసం ఒక షరతు పెడుతున్నాను. మీ ఇంటి నుంచి కార్లో వెళ్ళగలిగే దూరంలో, పడవ దింపడానికి వీలుండి, ట్రౌట్ చేపలున్న లేక్ ఒకటి చూపించండి. మర్నాడే వస్తాను. పప్పు, దప్పళం తప్ప మరొకటి ఎరగని ఇల్లు మీది. దొరకదని తెలిసే ధైర్యంగా రాస్తున్నాను.

సరోజని ఏడవద్దని చెప్పండి.

కృష్ణమోహన్


బాతెల్, వాషింగ్టన్
9 మార్చి 2024

బావగారికి నమస్కారాలు.

మీ షరతు అందింది. మందుల కంపెనీలో క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి, షరతు స్పష్టంగా ఉంటే గాని టెస్ట్ చెయ్యలేను. మీ వాక్యంలో లోపాలున్నాయి. కార్లో వెళ్ళగలిగే దూరం అన్నారు. ఇక్కణ్ణుంచి షికాగోకి కూడా కార్లో వెళ్ళవచ్చు. పడవ దింపడం అంటే నెత్తిన పెట్టుకుని మోసుకెళ్ళి దింపడమా, ట్రైలర్ మీద పెట్టి కారుతో వెనక్కి తోసి దింపడమా? ట్రౌట్ ఉండాలన్నారు, ఎప్పుడుండాలో రాయలేదు. ఇక్కడ చాలా లేకుల్లో వసంతంలో ప్రభుత్వంవారు చేపల్ని లారీల్లో తెచ్చి వదులుతారు. ఎండాకాలం వచ్చేసరికి నీళ్ళు వేడెక్కి అవి అడుక్కి పోతాయి. అప్పుడు ఉన్నట్టా, లేనట్టా?

మీ జవాబు వచ్చేదాకా ఊరికే కూర్చోవడం ఎందుకని రెండు లేకులు చూసి వచ్చాను. వాటి పేర్లు రాయను. రాస్తే మీరు కంప్యూటర్‌లో వెతికి నాకన్నా ముందే ఫెయిల్ చేస్తారు. మొదటిది పోస్టాఫీసు వెనక ఉంది. ట్రౌట్ ఉన్నాయి, పడవ దింపే ర్యాంప్ లేదు. ఒకాయన పడవని తలమీద పెట్టుకుని అడవిలోకి నడిచి వెళ్ళిపోయాడు. నేను మొయ్యలేను, మీరు నడవలేరు. ఫెయిల్. రెండోదానికి ర్యాంప్ ఉంది గాని మోటార్ పెట్టకూడదట, తెడ్డు వెయ్యాలట. నాకు తెడ్డు వెయ్యడం రాదు. ఈత కూడా రాదు. అయితే షరతులో ఈత ప్రస్తావన లేదు కనుక దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

పడవ నడపడానికి ఆన్‌లైన్‌లో ఒక పరీక్ష ఉంది. 1955కి ముందు పుట్టినవాళ్ళకి అక్కర్లేదన్నారు. అయినా రాశాను. ఒక ప్రశ్న తప్పింది. ఆ ప్రశ్న సరిగ్గా లేదని వాళ్ళకి ఈమెయిల్ పంపాను.

"అన్నయ్య వస్తాడా?" అని సరోజ రోజూ అడుగుతోంది. టెస్టింగ్‌లో ఉందని చెబుతున్నాను.

భవదీయుడు,
దక్షిణామూర్తి


పిస్కాటవే
24 మార్చి 2024

బావగారూ,

వేళాకోళానికి ఒక మాట అంటే మీరు పంచాంగం పట్టుకుని ముహూర్తం చూస్తున్నారు. లేక మీరే నన్ను వేళాకోళం చేస్తున్నారా? మీ ముఖం చూస్తేనే తెలియదు, ఉత్తరంలో ఏం తెలుస్తుంది?

సరే, స్పష్టంగా అడిగారు కనుక స్పష్టంగా రాస్తున్నాను. దూరం గంట మించకూడదు, అంతకన్నా కూర్చుంటే నా మోకాలు బిగుస్తుంది. ర్యాంప్ కాంక్రీటుది కావాలి. పక్కన పడవెక్కడానికి డాక్ ఉండాలి, దానికి పట్టుకోవడానికి రెయిలింగ్ ఉండాలి. రాళ్ళ మీద నడిచే వయసు అయిపోయింది. మోటార్ పెట్టనివ్వాలి. ట్రౌట్ ఎండాకాలంలో కూడా దొరకాలి. ఇక వెతుక్కోండి.

మీకు మా పడవ గుర్తుందా? రవి పుట్టిన ఏడాది కొన్న అల్యూమినియం డొక్కు. రేణుది మచిలీపట్నం. చేప లేని వారం ఆవిడకి వారంలా అనిపించేది కాదు. ఇక్కడి ఫ్రోజెన్ చేప చూసి, "ఇది చచ్చి ఎన్నేళ్ళయిందో, సంవత్సరీకాలు కూడా అయిపోయి ఉంటాయి" అనేది. అప్పుడు మా హాస్పిటల్‌లో ఒకాయన ట్రౌట్ పట్టడం నేర్పాడు. ఏప్రిల్ వచ్చిందంటే శనివారం పొద్దున్నే ఇద్దరం పడవలో ఉండేవాళ్ళం. నేను గాలం వేసేవాణ్ణి, ఆవిడ కబుర్లు చెప్పేది. చేపలు పారిపోతాయి, మాట్లాడకు అంటే ఇంకా గట్టిగా మాట్లాడేది. అయినా పడేవి. ఆ రాత్రి పులుసు. మన వైపు చేపేమీ కాదు, అయినా పులుసులో నిలిచేది.

ఇదంతా మీకెందుకు రాస్తున్నానో తెలియదు. మీరు ఆ పులుసు వాసన కూడా చూసినవారు కాదు.

ఇంతకీ మీ లేకుల తిరుగుడు సరోజకి తెలిసే జరుగుతోందా?

కృష్ణమోహన్


బాతెల్
30 ఏప్రిల్ 2024

బావగారికి నమస్కారాలు.

మీ కొత్త షరతులు స్పష్టంగా ఉన్నాయి, ధన్యవాదాలు. ఈలోగా నాలుగు లేకులు ఫెయిలయ్యాయి. ఒకదానికి డాక్ ఉంది, రెయిలింగ్ లేదు. ఒకటి గంటకి అయిదు నిమిషాలు ఎక్కువ. ఆ అయిదు నిమిషాలూ దారిలో రైల్వే గేటు వల్ల పట్టాయేమోనని మళ్ళీ వెళ్ళి చూశాను. రైలు రాకపోయినా అంతే పట్టింది. మూడోది అన్ని విధాలా బాగుంది, కాని అది విమానాలు నీళ్ళ మీద దిగే లేక్. మీ చెవి మిషన్ సంగతి తలుచుకుని నేనే వద్దనుకున్నాను. నాలుగోదాని గురించే ఈ ఉత్తరం.

ముందు చెప్పవలసింది, పడవ కొన్నాను. సెకండ్ హ్యాండ్, అల్యూమినియం. అమ్మినాయన భార్య పడవలో నిలబడి చప్పట్లు కొట్టింది, ఎందుకో అడగలేదు.

ఇక్కడ చాలా లేకుల్లో ఏప్రిల్ చివరి శనివారం ట్రౌట్ సీజన్ మొదలవుతుంది. ఆ రోజు మొదటిసారి పడవ దింపుదామనుకున్నాం. కారు కొన్నా, వాషింగ్ మెషిన్ కొన్నా సరోజ పూజ చెయ్యకుండా వాడనివ్వదు కదా. పడవలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఏదని శుక్రవారం నన్ను అడిగింది. పరీక్షకి చదివాను కనుక వెంటనే చెప్పాను. పడవ అడుగున నీళ్ళు పోవడానికి ఒక కన్నం ఉంటుంది, దానికి బిరడా ఉంటుంది, అదే ముఖ్యం అన్నాను. సరోజ ఆ బిరడా తీసి, పసుపు కుంకుమ పెట్టి, పూజగదిలో ఆంజనేయస్వామి పాదాల దగ్గర ఉంచింది.

శనివారం పొద్దున్న ర్యాంప్ దగ్గర మా వెనక పెద్ద పెద్ద ట్రక్కుల వరస. ట్రైలర్ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చాం. వెనకాయన దిగి వచ్చి ట్రౌట్‌కి నిమ్మకాయ ఇష్టమా అని అడిగాడు. పరిశీలిస్తున్నామని చెప్పాను. పడవ దింపాను, మోటార్ స్టార్టయింది. డాక్ దాటి కొద్ది దూరం వెళ్ళాక సాక్స్ తడిసినట్టు అనిపించింది. అప్పుడు బిరడా గుర్తొచ్చింది. అది ఆంజనేయస్వామి దగ్గరే ఉంది.

పడవ మునిగింది. లైఫ్ జాకెట్ ఉంది కనుక నేను మునగలేదు. గట్టిగా కేకలు వేశాను. నలుగురు దూకి వచ్చి, నన్ను నిలబడమన్నారు. నిలబడితే నీళ్ళు నడుము దాకానే ఉన్నాయి. వాళ్ళే తాళ్ళు కట్టి పడవని లాగిపెట్టారు, చాలా మంచివాళ్ళు. ఆ లేక్‌కి మళ్ళీ వెళ్ళడం నాకు కుదరదు. అందువల్ల ఫెయిల్.

పడవ బాగానే ఉంది. టెస్టింగ్ కొనసాగుతుంది.

భవదీయుడు,
దక్షిణామూర్తి


పిస్కాటవే
12 మే 2024

బావగారూ,

మీరు బతికి బయటపడ్డందుకు సంతోషం. నవ్వాను కూడా. గరాజ్‌లో కూర్చున్నప్పటి నుంచి అంత నవ్వలేదు. తరవాత ఆలోచిస్తే నవ్వు పోయింది.

మీరు అమాయకులు. నా చెల్లెల్ని నేను ఎత్తుకుని పెంచాను. సరోజ గ్యాస్ కట్టేశానా లేదా అని ఊరి పొలిమేర నుంచి వెనక్కి తిరిగి వచ్చే మనిషి. ఆవిడ బిరడా మరిచిపోతుందా? పడవ వెళ్ళకపోతే చేప రాదు. చేప రాకపోతే వంటిల్లు మైలపడదు. అన్నయ్య రానక్కర్లేదు. అంత చేసి నేరం ఆంజనేయస్వామి మీద పెట్టింది.

ఇన్నాళ్ళూ అనలేదు, ఇవాళ అంటాను. రేణు నా పెళ్ళామై ఈ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ సరోజ ఆవిడ చేతి అన్నం తినలేదు. ఎన్నిసార్లు వచ్చిందో మీకే తెలుసు, పక్కన మీరూ ఉన్నారు. వచ్చినప్పుడల్లా సూట్‌కేసులో చిన్న కుక్కరు, బియ్యం, పప్పు. రేణు ఒక్క మాట అనలేదు. స్టవ్ మీద ఒక పక్క పొయ్యి సరోజకని వదిలిపెట్టేది. సరోజ వస్తోందంటే షాపుకెళ్ళి కొత్త గిన్నె కొనేది. "మనం వాడినవి వాడదు పాపం" అనేది. ఆ గిన్నెలు మా బేస్‌మెంట్‌లో ఒక అలమరా నిండా ఉన్నాయి. సరోజ తప్ప ఎవరూ ముట్టుకోలేదు. రేణు పోయాక దినాలకి వచ్చినప్పుడు కూడా అందులోంచే ఒకటి తీసుకుని వండుకుంది. నేను చూశాను. నాకు చాలా కష్టం వేసింది బావగారూ.

కనుక ఇంకో షరతు, ఇదే ఆఖరుది. ఆ ట్రౌట్ మీ ఇంట్లో, నా చెల్లెలి స్టవ్ మీద, ఆవిడ చేత్తో పులుసు కావాలి. అది జరిగిన రోజు వస్తాను. మీ లేకులన్నీ పాసైనా ఇది పాసవదు.

ఈ ఉత్తరం సరోజకి చూపించకండి.

కృష్ణమోహన్


బాతెల్
22 జూన్ 2024

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం సరోజకి చూపించలేదు. ఇంటికొచ్చే పోస్టంతా తనే తెరుస్తుంది కనుక నాకన్నా ముందే చదివేసింది.

 సాయంత్రం కరివేపాకు దూస్తూ, "మీకు ఈత రాదని, ఆ బిరడా స్వామి దగ్గర పెట్టాను. పొద్దున్న కంగారులో మరిచిపోయాను. దాచలేదు," అంది. నేను నమ్మాను. గిన్నెల గురించి ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

ఆ పై శనివారం నాకన్నా ముందు కార్లో కూర్చుని ఉంది. పడవెక్కుతావా అంటే తలూపింది. స్విమ్మింగ్ పూల్ మెట్టు మీద కూడా నిలబడని మనిషి. దారి పొడుగునా బిరడాని గుప్పిట్లో పట్టుకుంది. ర్యాంప్ దగ్గర నేను బిగించేదాకా గుప్పిట విప్పలేదు. బిగించాక తను వేలు పెట్టి ఇంకోసారి తిప్పి చూసింది. నీళ్ళమీద ఉన్నంతసేపూ కళ్ళు మూసుకుని హనుమాన్ చాలీసా చదివింది.

బావగారూ, లేక్ దొరికింది. మా ఇంటి నుంచి యాభై నిమిషాలు. మూడు వేర్వేరు రోజులు వెళ్ళి చూశాను, వర్షంలో కూడా అంతే. కాంక్రీటు ర్యాంప్. డాక్‌కి రెండు వైపులా రెయిలింగ్. దాన్ని పట్టుకుని ఒక కాలు ఎత్తి చూశాను, ఊగలేదు. చిన్న మోటార్ పెట్టవచ్చు. లోతైన చల్లటి లేక్ కనుక ఎండాకాలంలో కూడా ట్రౌట్ ఉంటాయి. ఉన్నాయని నాకు ఎలా తెలుసంటే, ఒకటి పడింది.

వానపాములు తాకడం నావల్ల కాలేదు. అందుకని శనగపిండి ముద్ద చేసి గాలానికి పెట్టాను. రెండు గంటలు ఏమీ పడలేదు. మర్నాడు అందులో కాస్త ఇంగువ కలిపాను. పది నిమిషాల్లో పడింది. అమెరికన్ పుస్తకాల్లో ఇంగువ ప్రస్తావన ఎక్కడా లేదు. చేప నన్ను చూసింది, నేను దాన్ని చూశాను. ఇద్దరికీ ఇది మొదటిసారి. దాన్ని ఏం చెయ్యాలో తెలియక వదిలేశాను. పద్ధతిగా వెళ్ళిపోయింది.

ఆఖరి షరతు నా పరిధిలోది కాదు. సంబంధిత డిపార్ట్‌మెంట్ దగ్గరుంది. ఇంకా జవాబు రాలేదు.

ఇంకొక్క విషయం. రెండిళ్ళ అవతల జయంతిగారు మా డ్రైవ్‌వేలో పడవని, గాలాలని చూశారు. మూర్తిగారింట్లో చేపలు మొదలయ్యాయట అని అందరికీ ఫోన్లు వెళ్ళాయి. శుక్రవారాలు మా ఇంట్లో జరిగే లలితా పారాయణం ఇప్పుడు జయంతిగారింట్లో జరుగుతోంది. సరోజ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. జయంతిగారు మా ఇంటికొచ్చి అడిగిన రోజు నేను లేను, రెయిలింగ్ కొలవడానికి వెళ్ళాను.

భవదీయుడు,
దక్షిణామూర్తి


పిస్కాటవే
14 జూలై 2024

బావగారూ,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఇంగువ భాగం అయిదుసార్లు.

ఇక చాలు, ఆపండి. నేను మొండివాణ్ణే గాని చెల్లెలికి ఉన్న మంచిపేరు, ఇంటికొచ్చే నలుగురు ఆడవాళ్ళు, శుక్రవారం పారాయణం అన్నీ లాక్కునేంత దుర్మార్గుణ్ణి కాను. గడప తొక్కకముందే ఇంత జరిగింది, తొక్కితే ఏమవుతుంది? సరోజ మాట్లాడలేదన్నారు. నా మీద కోపమే, నాకు తెలుసు. న్యాయమైన కోపమే.

ఆఖరి షరతు కోపంలో రాశాను. నిజం చెప్పాలంటే భయంతో రాశాను. వస్తే సరోజ నన్ను కాదనదు. నాకోసం గరాజ్‌లో ఒక స్టవ్ పెడుతుంది, వేరే గిన్నెలు కొంటుంది, నేను తిన్నాక చెంచా విడిగా కడుగుతుంది. అన్నీ ప్రేమగానే చేస్తుంది. రేణు ఇంట్లో సరోజ కూర్చున్న మూలలో ఇప్పుడు సరోజ ఇంట్లో నేను కూర్చోవాలి. అది నావల్ల కాదు బావగారూ.

రవికి ఫోన్ చేసి సరే అన్నాను. కోడలు మృదుల కింది గది ఖాళీ చేసిందట. సెప్టెంబర్ ఏడుకి ప్లేనో టికెట్ బుక్ చేశాడు. ఆ ఊళ్ళో చేపలున్నాయో లేవో అడగలేదు. ఇక నాకెందుకు?

పడవ అమ్మెయ్యండి. అమ్మేటప్పుడు సరోజని అందులో నిలబడి చప్పట్లు కొట్టమనండి. మీ శ్రమ నేను మరిచిపోను. ఎనభై దగ్గరపడుతున్న ముసలాడి మాట పట్టుకుని ఇన్ని లేకులు ఎవరు తిరుగుతారు?

కృష్ణమోహన్


బాతెల్
11 ఆగస్టు 2024

బావగారికి నమస్కారాలు.

జూన్ రిపోర్టులో నేను ఒక ముఖ్యమైన సమాచారం ఇవ్వలేదు. అప్పటికి నాకే తెలియదు కనుక అది నా లోపం కాదు. జయంతిగారు వచ్చి, "మీ ఇంట్లో చేపల పని మొదలైందటగా సరోజగారూ, మరి పారాయణం ఎలా?" అన్నప్పుడు మీ చెల్లెలు ఏమందో నాకు మొన్న జయంతిగారి ఆయనే చెప్పారు. "మా అన్నయ్య వస్తున్నాడు. ఆయన తింటాడు. పారాయణం మీ ఇంట్లో పెట్టుకోండి, పులిహోర చేసి పంపిస్తాను," అందట. అన్నట్టే పంపిస్తోంది. తను మాట్లాడని ఆ రెండు రోజులూ మీ మీద కోపం కాదు. ఏదో గుర్తు తెచ్చుకుంటోంది. ఏమిటో ఇప్పుడు తెలిసింది.

మొన్న శనివారం లేక్ దగ్గర రెండు ట్రౌట్ పడ్డాయి. వదలబోతుంటే సరోజ ఆపింది. డాక్ దగ్గర చేపలు శుభ్రం చేసే బల్ల ఉంది. అక్కడున్న ఒక పెద్దాయన, చేపల్ని నేను పట్టుకున్న తీరు చూసి జాలిపడి, చంపడం దగ్గర్నుంచి ముక్కలు కొయ్యడం దాకా తనే చేసి పెట్టాడు. మేము ఇద్దరం అటు తిరిగి నిలబడ్డాం.

గరాజ్‌లో క్యాంప్ స్టవ్ పెడతానన్నాను. "అన్నయ్య గరాజ్‌లో తింటాడా?" అని కసిరింది. వంటింట్లోనే, తన స్టవ్ మీదే, పెద్ద పొయ్యి మీద చేసింది. కొంగు ముక్కుకి చుట్టుకుంది. కిటికీలన్నీ తెరిచాం. అయినా స్మోక్ అలారం రెండుసార్లు మోగింది. ఏ పుస్తకమూ చూడలేదు, ఎవర్నీ అడగలేదు.

పులుసు తయారైంది. అందువల్ల మీ షరతులన్నీ పాస్. కాని ఒక సాంకేతిక ఇబ్బంది వచ్చింది. దాన్ని సరోజే రాస్తానంది.

దక్షిణామూర్తి

అన్నయ్యా,

మూర్తిగారు రాసింది చదివాను, అంతా నిజమే. నాకు రాయడం అలవాటు తప్పింది, తప్పులుంటే నవ్వకు.

నేను మీ ఇంట్లో పక్క పొయ్యి మీద వండుకుంటున్నప్పుడు ముఖం తిప్పుకున్నానని వదిన అనుకునేది. తిప్పుకోలేదు. చూస్తూనే ఉండేదాన్ని. ముక్కలకి ముందు ఉప్పు, కారం పట్టించేది. మెంతులు మాడకముందే ఉల్లిపాయలు వేసేది. చేప పడ్డాక గరిటె పెట్టేది కాదు, ముక్క చెదురుతుందని రెండు చేతులా గిన్నె పట్టుకుని గుండ్రంగా తిప్పేది. తిప్పేటప్పుడు నీతో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేది. అవన్నీ అలాగే చేశాను. మాట్లాడటం కూడా చేశాను, మూర్తిగారితో.

ఒక్కటే తెలియదు. చింతపండు పిసికేటప్పుడు వదిన సింక్ వైపు తిరిగేది, నాకు వీపే కనిపించేది. ఎంత వేసేదో ఎప్పుడూ చూడలేదు. అడిగితే చెప్పేది. అడగలేదు, ఎందుకు అడగలేదో ఇప్పుడు చెప్పలేను అన్నయ్యా. అందాజుగా వేశాను.

ఇప్పుడు పులుపు సరిపోయిందో లేదో ఈ ఇంట్లో రుచి చూసి చెప్పేవాళ్ళు లేరు. నేను చూడలేను, మూర్తిగారు చూడలేరు. పక్కింటి అమెరికన్ ఆయనకి ఇస్తే మొత్తం తిని, గిన్నె కడిగి తెచ్చి, వెరీ ఇంట్రెస్టింగ్ అన్నాడు. దాన్నిబట్టి ఏం తెలుస్తుంది?

ఇంకొకటి. నా గిన్నెలన్నీ పొడుగువి, తిప్పితే ముక్క చెదిరింది. వదిన నాకోసం కొన్నవాటిలో ఒక వెడల్పు గిన్నె ఉండాలి, రెండు చెవులుంటాయి. వచ్చేటప్పుడు అది తీసుకురా. ఇక్కడ అదే వాడదాం, అన్నిటికీ.

సరోజ


పిస్కాటవే
24 ఆగస్టు 2024

బావగారికి,

ప్లేనో టికెట్ రవి చేత క్యాన్సిల్ చేయించాను. వాడు గొణిగాడు. బాతెల్‌లో ఏముంది నాన్నా అన్నాడు. నిమ్మకాయలతో పడవలు దింపే శాస్త్రజ్ఞుడొకాయన ఉన్నాడని చెప్పాను. చెవి మిషన్ తీసేశాను, తరవాత ఏమన్నాడో వినలేదు.

సెప్టెంబర్ ఏడు సాయంత్రం దిగుతాను. ఎయిర్‌పోర్ట్‌కి మీరు రండి, సరోజని ఏడవకుండా తీసుకురండి. లేక్‌కి మర్నాడు పొద్దున్నే వెళ్దాం. ఇంగువ డబ్బా మరవకండి. నా మోకాలు మీ యాభై నిమిషాలూ లెక్కపెడుతుంది.

ఈ కింది ముక్క సరోజకి.

అమ్మా సరోజా, గిన్నె దొరికింది. అలమరాలో అడుగున, ఇంకా కంపెనీ స్టిక్కర్ కూడా ఊడకుండా ఉంది. సూట్‌కేసులో నా చొక్కాల మధ్య పెట్టాను. రేణు కళ్ళజోడు అందులోనే పెట్టాను, పగలకుండా ఉంటుందని.

చింతపండు గురించి అడిగావు. నేనూ ఏనాడూ చూడలేదు, నేనూ ఆ సింక్ వైపు తిరిగినవాణ్ణి కాదు. వండినన్నాళ్ళు తిన్నాను గాని ఎంత వేశావని అడగలేదు. కాని నాలిక మీద పెడితే తెలుస్తుంది, తక్కువైతే తక్కువని, ఎక్కువైతే ఎక్కువని. అంతకు మించి నాకు ఏదీ గుర్తులేదు, ఇది మాత్రం తప్పు చెప్పను.

నువ్వు చెయ్యి. పులుపు నేను చూస్తాను.

అన్నయ్య